ఎత్తేది ఒకటి, మోసేది ఒకటి

గుంటూరులో మా వీధి చివర ఒక కార్ల షెడ్డు ఉండేది. రేకుల కప్పు, నూనె తాగి తాగి నల్లబడిన నేల, గోడ మేకులకు వరసగా వేలాడే పానాలు. వచ్చేవి ఎక్కువగా అంబాసిడర్లు, ఒకటీ అరా ఫియట్లు. బడి వదలగానే నేను వెళ్ళి అక్కడ ఒక పాత టైరు మీద కూచునేవాణ్ణి. ఆ షెడ్డు మెకానిక్కు బండిని జాకీతో లేపి చక్రం ఊడదీశాక, దాన్ని గోడకు ఆనించేవాడు కాదు. పడుకోబెట్టి బండి అంచు కిందికి తోసేవాడు. తర్వాత రైలు స్లీపరు నుంచి కోసిన చెక్క దిమ్మ ఒకటి ఛాసిస్ కిందికి జరిపేవాడు. అప్పుడు లేచి నిలబడి బండిని తుంటితో రెండుసార్లు గట్టిగా నెట్టేవాడు. అది కదల్లేదని చూసుకున్నాకే గోనెపట్టా పరుచుకుని కిందికి దూరేవాడు.

"జాకీ ఉందిగా బాబాయ్, మళ్ళీ ఇవన్నీ ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"జాకీ ఎత్తడానికేరా అబ్బాయ్. మొయ్యడానికి కాదు."

మాట అర్థమైంది కాని ఒంటికి ఎక్కలేదు. ఎక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది, టెక్సస్ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో అద్దె ఇంట్లో ఉన్న రోజులవి. అక్కడ మెకానిక్కు గంట కూలి వింటే గుండె గుభేలుమంటుంది. అందుకే మనవాళ్ళలో చాలామంది ఆయిల్ మార్చడం, బ్రేకు ప్యాడ్లు వెయ్యడం గరాజులోనే నేర్చేసుకుంటారు. నా పాత కారుకు సైలెన్సర్ పైన వేడి తగలకుండా ఉండే రేకు ఒకటి వదులై, ఎక్కడికెళ్ళినా గలగలమని చాటింపు వేస్తోంది. ఒక క్లిప్పు బిగిస్తే సరి. ఐదు నిమిషాల పని. స్నేహితుడి ట్రాలీ జాకీ తెచ్చి, ముందు పక్క లేపి, చక్కగా కిందికి దూరాను. క్లిప్పు చిన్నదైంది. పెద్దది వెతుక్కోవడానికి బయటికొచ్చి డబ్బా తిరగేస్తున్నాను. దొరికాక వెనక్కి తిరిగి చూస్తే, గాలిలో ఉండాల్సిన చక్రం నేలకు ఆని ఉంది.

చప్పుడు లేదు. కిర్రుమనలేదు. బండి ఎంతో మర్యాదగా, నన్ను కంగారు పెట్టకుండా, నాలుగంగుళాలు దిగి కూచుంది. జాకీని దించే మర నేను పూర్తిగా బిగించలేదు, అంతే. నేను వెల్లకిలా పడుకున్నప్పుడు నా ఛాతీకి, బండి అడుక్కి మధ్య ఎంత సందు ఉందో ఆ సాయంత్రం టేపు పెట్టి కొలిచాను. అంకె ఇక్కడ రాయను.

అందుకే ఈ అధ్యాయంలో పనిముట్ల కంటే ముందు ఒక మాట గురించి చెప్పాలి. "ఐదు నిమిషాల పని." రోజంతా పట్టే పనికి మనం బాగానే సిద్ధమవుతాం, పాత బట్టలు వేసుకుంటాం, సామాను సర్దుకుంటాం, ఇంట్లో చెప్తాం. చిన్న పనికి మాత్రం "ఆ మాత్రం దానికేం" అనేస్తాం. బండికి ఆ సంగతి తెలీదు. కింద ఉన్నవాడు ఐదు నిమిషాలకు వచ్చాడా, ఐదు గంటలకు వచ్చాడా అని అది లెక్క చూసుకోదు. ఈ మాట మీ నోట్లోంచి వచ్చిందంటే, ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ తీసుకోవాల్సిన పని అది అని గుర్తు పెట్టుకోండి.

జాకీని ఎందుకు నమ్మకూడదో కాస్త వివరంగా చూద్దాం. హైడ్రాలిక్ జాకీ బండిని మోస్తోందంటే, నిజానికి మోస్తున్నది లోపల ఇరుక్కున్న కాస్త నూనె. ఆ నూనె పక్కకు జారకుండా ఆపుతున్నది ఒక రబ్బరు వాషరు. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ యంత్రాన్ని మొదట్లో ఏడిపించింది కూడా ఈ చోటే. పిస్టను పక్కనుంచి నీళ్ళు కారిపోకుండా ఒత్తిడి పెరిగే కొద్దీ మరింత బిగిసే తోలు వాషరు ఆలోచన ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే ఇచ్చిందని చెబుతారు. రెండు వందల ఏళ్ళు దాటినా కథ మారలేదు. వాషరు పాతబడితే, చిన్న ఇసుక రేణువు వాల్వులో ఇరుక్కుంటే, దించే మర ఓ పావు చుట్టు వదులుగా ఉంటే జాకీ దిగుతుంది. ఒక్కోసారి మెల్లగా, ఒక్కోసారి ఒక్క ఊపున.

ఇక డిక్కీలో స్టెప్నీ పక్కన వచ్చే కత్తెర జాకీ. దానికి నూనె గొడవ లేదు, మర తనంతట తాను దిగదు. కాని దాని అడుగు మన అరచెయ్యంత. నిటారుగా ఉన్నంతసేపు మోస్తుంది. పక్కనుంచి కొద్దిగా నెట్టారంటే ఒరిగిపోతుంది. టైరు మార్చడానికి ఇచ్చిన వస్తువది. దాన్ని పెట్టుకుని తల కిందికి పెట్టేవాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కాబట్టి స్టాండ్లు కావాలి. ఇనుప కాళ్ళ మీద నిలబడే, కదిలే నూనె గాని రబ్బరు గాని లేని స్టాండ్లు. ఎప్పుడూ జతగా. అంతవరకూ ఎవరైనా చెప్తారు. స్టాండు కొనేసి "ఇక భయం లేదు" అనుకోవడం దగ్గరే రెండో గొయ్యి ఉంది. దానికి 2020లో అమెరికాలో జరిగిన సంగతి చెప్పాలి.

అక్కడ ఇంట్లో పనిముట్లు పట్టేవాళ్ళకు హార్బర్ ఫ్రెయిట్ అంటే తెలియనిది కాదు. చవగ్గా పనిముట్లు అమ్మే దుకాణాల గొలుసు, కేంద్రం కాలిఫోర్నియాలో. వాళ్ళ పిట్స్‌బర్గ్ పేరుతో వచ్చే 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లు లక్షల గరాజుల్లో ఉండేవి. చైనాలో తయారయ్యేవి. 2020 మార్చిలో వాటిని వెనక్కి పిలిచారు. లెక్క తేలితే 17 లక్షలకు చేరింది.

లోపమేమిటో తెలియాలంటే ఆ స్టాండు లోపలికి చూడాలి. మధ్యలో పళ్ళున్న కడ్డీ ఒకటి పైకి కిందికి కదులుతుంది. పిడికి అతికించిన ఇనుప నాలుక ఒకటి ఆ పళ్ళ మధ్య దూరి కడ్డీని ఆపుతుంది. బండి బరువు పడే కొద్దీ నాలుక పంటిలోకి మరింత గట్టిగా కూచోవాలి. ఆ అమరిక అందం అదే. ఈ స్టాండ్లు తయారుచేసిన చోట అచ్చులు అరిగిపోయి, కొన్నింటిలో నాలుక పంటిలోకి దిగే లోతు తగ్గింది. అంటే అంచున పట్టుకుని నిలబడింది. బరువు నిటారుగా ఉన్నంతసేపు ఆగుతుంది. కింద ఉన్నవాడు ఒక బోల్టును గట్టిగా లాగి బండి కాస్త కదిలిందా, నాలుక జారి కడ్డీ దిగిపోవచ్చు.

కథ అక్కడ ఆగలేదు. మార్చుకోవడానికి కొత్త స్టాండ్లు పెట్టారు. కొన్ని నెలలు తిరక్కుండానే, అదే ఏడు జులైలో, ఆ కొత్త 3 టన్నుల స్టాండ్లలో కొన్నింటికి వెల్డింగు సరిగ్గా లేదని వాటినీ వెనక్కి పిలిచారు. పాతవి ఇచ్చి కొత్తవి తెచ్చుకున్న మనిషి, ఆ కొత్తవాటినీ పట్టుకుని మళ్ళీ అదే దుకాణం మెట్లెక్కాలి.

ఈ సంగతి విన్నవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. "చవక సరుకు అంతే, ఖరీదైనది కొనాల్సింది" అంటారు కొందరు. "ఏ స్టాండునూ నమ్మలేం, ఇటుకలే మేలు" అంటారు ఇంకొందరు. రెండో మాటకు తర్వాత వస్తాను. మొదటి మాటలో ఉన్న చిక్కు ఏమిటంటే, ఆ లోపం కంటికి కనిపించదు. నాలుక, పన్ను రెండూ గొట్టం లోపల దాక్కుని ఉంటాయి. టార్చి వేసి చూసినా పట్టుకున్నట్టే కనిపిస్తుంది. ఖరీదు పెడితే లోపం ఉండే అవకాశం తగ్గుతుందేమో కాని, ఉందో లేదో మీకు తెలిసే అవకాశం పెరగదు.

టన్నుల అంకెకు కూడా ఇందులో పాత్ర లేదు. లెక్క వేసి చూడండి. 1,500 కిలోల కారు అనుకుందాం. ఇంజిను ముందు ఉంటుంది కాబట్టి ముందు పక్క 900 కిలోల దాకా పడుతుంది. రెండు స్టాండ్ల మీద పెడితే ఒక్కోదానికి 450. 3 టన్నుల స్టాండుకు అది చెవి మీద పేను. అయినా కూలే ప్రమాదం ఉందని 17 లక్షలు వెనక్కి పిలవాల్సి వచ్చింది. స్టాండు బరువు ఎక్కువై కూలడం అరుదు. పట్టు కుదరక, నేల కుదరక, పక్కకు తోపు పడి కూలుతుంది. పెద్ద టన్నుల స్టాండు కొనడంలో లాభం లేకపోలేదు. దాని కాళ్ళు వెడల్పు, తొందరగా ఒరగదు. కాని 6 టన్నుల స్టాండు పూర్తిగా దించినా సాధారణంగా 15, 16 అంగుళాల ఎత్తుంటుంది. మీ చిన్న కారును దానిమీద కూచోబెట్టాలంటే అంత ఎత్తుకు లేపాలి, లేపిన కొద్దీ ఒరుగు పెరుగుతుంది. ఇళ్ళలో ఉండే కార్లకు 11, 12 అంగుళాల దగ్గర మొదలయ్యే 3 టన్నుల జత చాలు. ఆ టన్నుల అంకె ఒక్క స్టాండుకా, జతకా అన్నది కూడా పెట్టె మీద చదవండి. అందరూ ఒకేలా రాయరు.

ఎంచుకునే వీలుంటే నేను పళ్ళ స్టాండులో అడ్డంగా పిన్ను కూడా దూర్చే రకం తీసుకుంటాను. నాలుక జారినా కడ్డీ పిన్ను మీద ఆగుతుంది. పళ్ళు అసలే లేకుండా, రంధ్రాల్లో లావుపాటి పిన్ను దూర్చే స్టాండ్లూ ఉన్నాయి. ఎత్తు రెండంగుళాలు అటూ ఇటూ అవుతుంది, కాని పట్టు కంటికి కనిపిస్తుంది. కంటికి కనిపించే పట్టు విలువ, ఇర్వింగ్ సాయంత్రం తర్వాత, నా దృష్టిలో చాలా ఎక్కువ.

అయితే పిన్నున్న స్టాండు కొన్నా సరే, గుంటూరు షెడ్డులో చూసిన పని మానొద్దు. ఊడదీసిన చక్రాన్ని అంచు కిందికి తోయండి. చక్రం ఊడదీసే పని కాకపోతే స్టెప్నీని తోయండి. ట్రాలీ జాకీని కూడా తీసెయ్యకుండా, బరువు దానిమీద పడకుండా, ఊరికే తాకేలా ఉంచండి. స్టాండు పోతే జాకీ ఉంది, జాకీ పోతే చక్రం ఉంది. చక్రం మీద పడ్డ బండి బాగుపడుతుంది. మనిషికి ఊపిరాడే సందు మిగులుతుంది. ఆ మెకానిక్కు దగ్గర స్టాండే లేదు. కాని మూడు ఆధారాలు లేకుండా ఆయన ఒక్కనాడూ దూరలేదు. వెనక్కి పిలిచిన ఆ 17 లక్షల స్టాండ్లకంటే ఆయన ఏర్పాటు గట్టిదని నేను ఇప్పుడు అనుకుంటాను.

ఇటుకల మాట. ఇటుక, సిమెంటు బ్లాకు నిలువుగా బోలెడు బరువు మోస్తాయి. ఇళ్ళు కట్టేది వాటితోనే కదా అంటారు. ఇంట్లో ఇటుక మీద బరువు సమంగా, మట్టసంగా, చుట్టూ మాలుతో పడుతుంది. కారు అంచు సన్నటి గీతలా ఒకే చోట నొక్కుతుంది. ఇనుము ముందు వంగుతుంది, మూలుగుతుంది, కాస్త వ్యవధి ఇస్తుంది. ఇటుక ఇవ్వదు, ఒక్క క్షణంలో పొడి. బోలుగా ఉండే సిమెంటు బ్లాకయితే మరీను. చెక్క దిమ్మ వేరు, గట్టి చెక్క నలిగినా నిలుస్తుంది. ఇటుక మాత్రం చక్రానికి అడ్డంగా పెట్టుకోవడానికే.

చక్రానికి అడ్డం అన్నాను కాబట్టి ఇది చెప్పాలి. చాలామందికి హ్యాండ్ బ్రేకు లాగితే నాలుగు చక్రాలూ ఆగుతాయని ఒక నమ్మకం. మన కార్లలో చాలావాటికి అది వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక పక్క లేపారంటే అది గాలిని పట్టుకుని కూచుంటుంది. "గేర్లో పెట్టాను కదా" అంటారు. ముందు చక్రాలు లాగే కారయితే గేరు ముందు చక్రాలను ఆపుతుంది, నిజమే. రెండూ నేలమీద ఉన్నంతవరకే. ముందు ఒక్క చక్రాన్ని లేపిన క్షణం ఆ పట్టు పోతుంది. మలుపుల్లో రెండు చక్రాలు వేరువేరు వేగాలతో తిరగనివ్వడానికి పెట్టిన డిఫరెన్షియల్ ఇక్కడ ఎదురుతిరుగుతుంది: గాలిలో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతూ, నేలమీది చక్రాన్ని హాయిగా ముందుకు దొర్లనిస్తుంది. బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి వెనక చక్రాలు లాగే బళ్ళ సంగతి ఇంకా ఘోరం. గేరూ, హ్యాండ్ బ్రేకూ రెండూ వెనకే. వెనక పక్క లేపితే రెండూ ఒకేసారి పోతాయి, ముందు చక్రాలు పూర్తిగా స్వేచ్ఛగా ఉంటాయి. ఇవన్నీ గుర్తుపెట్టుకోనవసరం లేదు. నేలమీద మిగిలిన చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి, ఏ బండయినా సరే.

కొత్త కారు కొన్నప్పుడు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టడం మనం మరచిపోం. డాలస్‌లో గుడి ముందు కూడా పెడతాం. అదే చక్రాలకు రెండు చెక్క దిమ్మలు పెట్టమంటే బద్ధకం.

ఇక నేల. అమెరికా గరాజులో గచ్చు మందంగా, మట్టసంగా ఉంటుంది. అక్కడ పని సులువు. హైదరాబాదు అపార్టుమెంట్లో సెల్లారయితే నీళ్ళు పోవడానికి వాలు ఉంటుంది, ర్యాంపు దగ్గర ఇంకా ఎక్కువ. వాలులో పని పెట్టుకోవద్దు. పార్కింగ్ టైల్సు పరిచిన చోట పానాతో తట్టి చూడండి. బోలుగా మోగిందంటే కింద సిమెంటు సరిగ్గా లేదని. స్టాండు కాలు అక్కడ దిగిందంటే టైలు పగిలి ఒరుగుతుంది. తారు రోడ్డు మీద చెయ్యాల్సి వస్తే, మన మే నెల ఎండలో తారు మెత్తబడుతుందని మరవకండి. ఉదయం గట్టిగా ఉన్న స్టాండు మధ్యాహ్నానికి ఒక కాలు దిగబడి పక్కకు చూస్తుంటుంది. కాళ్ళన్నిటినీ కలిపి మోసేలా ముప్పావు అంగుళం మందం ప్లైవుడ్ ముక్క ఒకటి కింద వెయ్యండి. మట్టి మీదయితే ప్లైవుడ్ వేసినా నేను దూరను.

ఎక్కడ ఆనించాలన్నది మీ కారు పుస్తకంలో బొమ్మతో ఉంటుంది. చిన్న కార్లకు తలుపుల కింది అంచులో, చక్రాలకు దగ్గరగా, గంట్లు పెట్టిన గట్టి చోట్లు ఉంటాయి. ఛాసిస్ విడిగా ఉండే బళ్ళకు ఆ ఛాసిస్ దూలమే. ఆయిల్ చాంబరు కింద, రేడియేటర్ కింద, అడుగు రేకు మీద పెడితే బండి నిలబడినట్టే ఉండి రేకు లోపలికి పోతుంది. కరెంటు కార్లకు అడుగంతా బ్యాటరీ కాబట్టి గుర్తు పెట్టిన చోటు తప్ప ఒక్క అంగుళం కూడా అటూ ఇటూ వద్దు. స్టాండు తల మీద చెక్క ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఎత్తు పెంచుకునేవాళ్ళున్నారు. ఎత్తు చాలకపోతే పెద్ద స్టాండు తెచ్చుకోండి.

బండిని లేపేటప్పుడు ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. ట్రాలీ జాకీ చెయ్యి నిలువుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అందుకే దానికి చిన్న చక్రాలు పెట్టారు. లేపే కొద్దీ జాకీ కాస్త బండి కిందికి దొర్లాలి. ఆ చక్రాలు గచ్చు పగులులో ఇరుక్కుంటే జాకీ దొర్లదు, బదులుగా బండిని తనవైపు లాగుతుంది. రెండో పక్క స్టాండు అప్పటికే పెట్టి ఉంటే అది ఒరగడం అక్కడే మొదలవుతుంది. లేపుతూ లేపుతూ ఒకసారి వంగి, జాకీ కదులుతోందా అని చూడండి.

స్టాండ్లు పెట్టాక జాకీని మెల్లగా దించండి. పిడి కిందికి పూర్తిగా వచ్చిందా, నాలుక పంటిలోకి దిగిందా, రెండు స్టాండ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయా, అన్ని కాళ్ళూ నేలకు ఆనాయా చూసుకోండి. ఆ తర్వాత వచ్చేది ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని: బండిని తొయ్యడం. తుంటితో, భుజంతో, ముందు నుంచి, పక్క నుంచి, మీరు కింద ఉండి బోల్టు లాగేటప్పుడు పెట్టే బలం కంటే ఎక్కువ బలం పెట్టి. కొత్తవాళ్ళకు ఇది భయం వేస్తుంది. "పడిపోతే?" అంటారు. పడేదయితే ఇప్పుడే పడనివ్వండి. హార్బర్ ఫ్రెయిట్ స్టాండ్లలో అంచున నిలబడ్డ నాలుక బయటపడాలన్నా, ఇంట్లో ఉన్నవాడికి అందుబాటులో ఉన్న పరీక్ష ఇదొక్కటే. ఇదీ పూర్తిగా నమ్మదగింది కాదు. అందుకే చక్రం అంచు కిందే ఉండాలి.

కిందికి వెళ్ళాక లావుపాటి పైపు తగిలించి తుప్పు పట్టిన బోల్టును రెండు కాళ్ళు తన్నిపెట్టి లాగడం మొదలుపెడితే ఇప్పటిదాకా చేసిందంతా వృథా. అంత బలం కావాల్సిన బోల్టులు బండి నేలమీద ఉండగానే కాస్త వదులు చేసుకోవాలి. చక్రం నట్టులూ అంతే. నేలమీద ఉండగా వీలుకాని బోల్టయితే ముందురోజు రాత్రి నూనె పోసి ఉంచండి. అప్పటికీ కదలకపోతే లిఫ్టు ఉన్న షాపుకు తీసుకెళ్ళండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆ మాటకొస్తే ఆయిల్ మార్చడం వరకే అయితే బండిని లేపనే అక్కర్లేదు, ఎక్కించే ర్యాంపులు దొరుకుతాయి. జాకీ ముట్టకుండా అయ్యే పనికి జాకీ ముట్టకపోవడమే నా పద్ధతి.

ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి. "కారు కిందున్నా, అరగంటలో రాకపోతే వచ్చి చూడు" అంటే చాలు. ఫోను జేబులో పెట్టుకుంటే కింద ఇరుక్కున్నప్పుడు చెయ్యి జేబు దాకా వెళ్ళకపోవచ్చు. తల పక్కన నేలమీద ఉంచుకోండి. ఇక సెల్లార్లో క్రికెట్ ఆడే పిల్లలు. బంతి ఎటు వెళ్తుందో మీకు తెలుసు. ఆ బంతి కోసం బోర్లా పడుకుని చెయ్యి చాపే పిల్లవాడికి స్టాండు అంటే ఏమిటో తెలీదు. స్టాండు మీద బండిని వదిలి టీకి వెళ్ళొద్దు. వెళ్ళాల్సి వస్తే దించి వెళ్ళండి, లేదా కాపలాకు మనిషిని పెట్టండి.

రోడ్డు మీద పంచరయినప్పుడు స్టాండు ఉండదు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద, పక్కన మెత్తటి మట్టి మీద, కత్తెర జాకీతో ఉన్నారనుకోండి. బండిలో ఉన్నవాళ్ళందరినీ దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. నట్టులు ముందు వదులు చెయ్యండి. చక్రాలకు రాళ్ళు పెట్టండి. స్టెప్నీని అంచు కిందికి తోసి అప్పుడు జాకీ తిప్పండి. పంచరయిన చక్రం ఊడాక దాన్ని తోసి స్టెప్నీని బయటికి లాగండి. మొత్తం పనిలో చెయ్యి తప్ప ఏదీ బండి గీత దాటి లోపలికి పోకూడదు. నట్టు దొర్లి కిందికెళ్తే కర్రతో లాక్కోండి. జాకీ కింద వేసుకోవడానికి ఒక పలక డిక్కీలో ఎప్పుడూ పడి ఉండనివ్వండి.

స్టాండ్లను ఏడాదికోసారి పరీక్షించి చూడాలని పుస్తకాల్లో రాస్తారు. ఎవరూ చూడరు. నేను మాత్రం ఒక రోజు పెట్టుకున్నాను. దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు పానాలతో పాటు స్టాండ్లనూ కడుగుతాం కదా. పసుపు రాసేముందు వెల్డింగు అతుకుల చుట్టూ వేలితో తడిమి, వెంట్రుకవాసి పగులేదైనా ఉందా చూస్తాను. పళ్ళ మూలలు గుండ్రబడ్డాయా, నాలుక తిరిగే చోట బిగుసుకుపోయిందా, కాళ్ళు వంకర పోయాయా చూస్తాను. అనుమానం వచ్చిన స్టాండును ఎవరికీ ఇవ్వను, అమ్మను. కోయించి పాత ఇనుముకు వేస్తాను. ఒకసారి ఒక స్నేహితుడు "ఆ పాతవి నాకివ్వు, ఊరికే ఉన్నాయిగా" అన్నాడు. కొత్తవి కొనిచ్చాను.

పని అయిపోయాక దించడంలోనూ జారేవాళ్ళున్నారు, అలిసిపోయి ఉంటాం కాబట్టి. జాకీని మళ్ళీ పూర్తి బరువు తీసుకునేదాకా లేపండి. స్టాండును కాలు దగ్గర పట్టుకుని బయటికి లాగండి. తల దగ్గర, బండికీ స్టాండుకీ మధ్య, వేళ్ళు పెట్టొద్దు. పానాలు లెక్క చూసుకోండి. స్టెప్నీనో ఊడదీసిన చక్రాన్నో కింది నుంచి చివర్లోనే తియ్యండి. మర వదిలే ముందు ఇంకోసారి మోకాళ్ళ మీద కూచుని అడుగంతా టార్చి వేసి చూడండి. మా సెల్లార్లో బూడిదరంగు పిల్లి ఒకటి ఉంది. బండి లేపిన అరగంటకల్లా అది వచ్చి సరిగ్గా ఇంజిను కింద ముడుచుకుని పడుకుంటుంది.